ఉప్పునీళ్ళు చూసిన ఈగగాలం

పోయిన చలికాలం పక్కింటివాళ్ళు కారులో చోటుంది రమ్మంటే బాపట్ల దగ్గరి సముద్రానికి పోయాను. మోకాళ్ళు మాట వినని వయసులో నాకు సముద్రమేమిటని సణుగుతూనే ఎక్కాను, సణుగుతూనే దిగాను. వాళ్ళ పిల్లలు అలల్లో ఎగురుతుంటే నేను ఒడ్డున కుర్చీ వేసుకుని వేరుశనక్కాయలు ఒలుచుకుంటూ కూర్చున్నాను. కాస్త దూరంలో ఒక కుర్రవాడు తొడలోతు నీళ్ళలో నిలబడి గాలం విసురుతున్నాడు. మామూలు గాలం కాదు, ఈకలు కట్టిన గాలం. తాడును గాలిలో వెనక్కీ ముందుకీ ఆడించి ఆడించి, చివరికి అల మీదికి వదిలేస్తున్నాడు. నేను కాయలు ఒలవడం మానేసి అతన్నే చూస్తూ ఉండిపోయాను. ఎండ ఎక్కాక అతను ఒడ్డుకు వచ్చి, నా దగ్గరలోనే చతికిలబడి, కర్ర నుంచి రీలు ఊడదీసి, సంచిలోని తాగే నీళ్ళ సీసా మూత తిప్పి రీలు మీద ధారగా పోశాడు. "తాగే నీళ్ళు అట్లా పారబోస్తున్నావేం బాబూ?" అన్నాను. "ఉప్పు పట్టేస్తదండి. ఇక్కడే కడిగెయ్యాలి, ఇంటికెళ్ళాక చూద్దాంలే అనుకుంటే అంతే సంగతులు" అన్నాడతను, ముసలమ్మకు ఇదంతా ఎందుకో అన్నట్టు నవ్వి. నేను మొహం పక్కకు తిప్పుకున్నాను. మా నాయన పోయిన రోజు కూడా వచ్చినవాళ్ళకు మజ్జిగ అందిందా లేదా అని చూసుకున్న మనిషిని నేను. అట్లాంటిదాన్ని ఆ కుర్రవాడి ముందర ఏడ్చాను. ఎండ దెబ్బ తగిలిందేమోనని పక్కింటావిడ గొడుగు పట్టుకుని పరుగెత్తుకొచ్చింది. ఉప్పు పట్టేస్తుందని మా ఇంట్లో ఎవరికి తెలియదు గనుక? అందరికీ తెలుసు. మా నాయనకైతే అందరికంటే బాగా తెలుసు.

మాది నంద్యాల. బజారులో మా పెదనాయన పేరు మీద ఇనుప సామాన్ల అంగడి, దాని వెనక సందులో పొడుగాటి మిద్దె ఇల్లు. ఆ ఇంట్లో ఏ మూల నిలబడినా ఇనుము వాసనో, కొబ్బరితాళ్ళ వాసనో వచ్చేది. వంటింట్లో మాత్రం చింతపండు, ఇంగువ. మా జేజి, అంటే మా నాయనను కన్నతల్లి, అహోబిలంలో పుట్టి పెరిగిన మనిషి. శనివారం పూట ఉల్లిపాయను కూడా గడప దాటనిచ్చేది కాదు. తెల్లవారకముందే బావి దగ్గర నీళ్ళు పోసుకుని, తడిచీరతోనే తులసికోట చుట్టూ తిరిగి, ఆ తర్వాత ఇంట్లో ఎవరు ఏది ముట్టుకోవచ్చో, ఏది ముట్టుకోకూడదో చెప్పడం మొదలుపెట్టేది. అట్లాంటి ఇంటి అంగడిలో మేకులు, గొలుసులు, బొక్కెనలతో పాటు చేపల గాలాలు, నైలాన్ దారాలు కూడా అమ్మేవాళ్ళం. ఎవరైనా ఎత్తిపొడిస్తే జేజి దగ్గర జవాబు తయారుగా ఉండేది: "మేం అమ్మేది ఇనుమప్పా. దాంతో నువ్వు చేప పడతావో, దండేనికి తగిలించుకుంటావో మాకేమెరుక?"

ఈ తర్కం మా నాయన విషయంలో పనికిరాకుండా పోయింది. ఆయనకు అంగడి గద్దె మీద కూర్చోవడం అంటే ముళ్ళ మీద కూర్చున్నట్టే. చేతులు ఎప్పుడూ ఏదో ఒకటి విప్పుతూ బిగిస్తూ ఉండాలి. ఊరు విడిచి వెళ్ళిపోతున్న తెల్ల డాక్టరు ఒకాయన తన పాత సామాన్లు మా అంగడిలో తూకానికి వేస్తే, వాటిలో విరిగిన గాలం కర్ర ఒకటి, తుప్పు పట్టిన రీలు ఒకటి, చిన్న రేకు డబ్బాలో ఈకలు చుట్టిన గాలాలు కొన్ని వచ్చాయట. ఆ దొర కాలువ గట్టున నిలబడి దాన్ని విసరడం మా నాయన చిన్నప్పుడు చూశాడు. ఎర లేదు, బెండు లేదు. ఈకలతో ఈగ లాంటి బొమ్మ కట్టి, దాన్ని నీళ్ళ మీద వాలినట్టు వాలిస్తే చేప మోసపోయి నోట కరుచుకుంటుంది. మేము దాన్ని ఈగగాలం అనేవాళ్ళం. మా నాయన ఆ కర్రకు అతుకు వేశాడు, రీలును విప్పి మళ్ళీ బిగించాడు, సాయంత్రాలు కాలువ గట్టుకు పోయి విసరడం నేర్చుకున్నాడు. పట్టిన చేపను అక్కడే వదిలేసేవాడు. చాలాసార్లు గాలం కొన విరిచేసి, ఉత్త ఈకను మాత్రమే కట్టి విసిరేవాడు. ఆయనకు కావలసింది ఆ తాడు గాలిలో సాగి సాగి మెత్తగా నీళ్ళ మీద పడడం. అంతే. వైశ్యుల ఇంట్లో పుట్టి చేపలు పడుతున్నాడని బజారంతా నవ్వితే ఆయన కూడా వాళ్ళతో కలిసి నవ్వేవాడు.

జేజి నవ్వలేదు. ఆ కర్రకూ రీలుకూ ఇంట్లోకి ప్రవేశం లేదని తేల్చి చెప్పింది. అవి దొడ్డి గోడకు కొట్టిన మేకులకు వేలాడాలి. కాలువ నుంచి రాగానే మా నాయన ఆ రీలును బావి నీళ్ళతో కడిగి, బూడిదతో తోమి, మళ్ళీ కడిగి, తుడిచి, ఆ తర్వాత తాను స్నానం చేస్తేనే వంటింటి గడప ఎక్కనిచ్చేది. "మైల, మైల" అని ఆమె గొంతు చించుకుంటూ ఉంటే ఆయన గొణుక్కుంటూనే అన్నీ చేసేవాడు. ఆ మైల పుణ్యాన ఆ రీలు ఎప్పుడు చూసినా కొత్త పెళ్ళికూతురు మెట్టెలా మెరుస్తూ ఉండేది.

మా అమ్మది రుద్రవరం దగ్గర పల్లె. ఆమె ఆ ఇంటికి చిన్నకోడలు. వంటింటి తాళాలు మా పెద్దమ్మ నడుముకు ఉండేవి. ఏ పూట ఏం వండాలో జేజి చెబుతుంది, ఎంత వండాలో పెద్దమ్మ కొలిచి ఇస్తుంది, మా అమ్మ వండుతుంది. నాకు ఆకలేస్తే ఒక గుప్పెడు బొరుగులు పెట్టాలన్నా పెద్దమ్మ వైపు చూడాలి. ఎవరూ చెడ్డవాళ్ళు కాదు. పెద్దమ్మ అడిగితే ఎప్పుడూ కాదనలేదు. అడగవలసి రావడమే మా అమ్మకు గొంతులో ముల్లు. ఆమెకు నగలు అక్కర్లేదు, చీరలు అక్కర్లేదు. తన పొయ్యి తనకు కావాలి. ఒకసారి పుట్టింటికి పోతూ ఆళ్ళగడ్డలో బస్సు మారేటప్పుడు, రాళ్ళు చెక్కేవాళ్ళ వీధి చివర ఖాళీగా ఉన్న చిన్న ఇల్లు మా నాయన చూపించాడు. ముందు రేకుల వసారా, లోపల ఒక గది, వెనక నాలుగు అరటిచెట్లు. వసారాలో తన పనిముట్లు పెట్టుకోవచ్చని ఆయన, తూర్పు కిటికీ కింద పొయ్యి వేసుకోవచ్చని ఆమె. ఉలి చప్పుళ్ళు వినబడుతుంటే మా అమ్మ ఆ కిటికీ కింద గోడను అరచేత్తో తడిమి చూసింది. "ఈడ పెడితే పొగ బయటికి పోతాది. పొద్దన్నే ఎండ పొయ్యిలో పడతాది" అంది. అయితే అన్న అంగడిలో పనివాడిలా బతుకుతున్న తమ్ముడు ఏం చూసుకుని వేరుపడతాడు? ఆయన చేతిలో తనదంటూ ఒక పని ఉండాలి.

ఆ పని తనంతట తానే నడిచి వచ్చినట్టు వచ్చింది. మా అంగడికి నైలాన్ తాళ్ళు, గాలాలు సరఫరా చేసే వ్యాపారి ఒకాయన మద్రాసు నుంచి ఏటా వానాకాలం వెనకబట్టాక వచ్చేవాడు. మనిషి నెమ్మది, తెలుగులో కాస్త అరవ యాస. ఆయన ఒక సాయంత్రం కాలువ గట్టున మా నాయన విసరడం చూసి అక్కడే నిలబడిపోయాడు. మద్రాసులో క్లబ్బులవాళ్ళకు, తేయాకు తోటల దొరలకు ఈ సరదా బాగా ముదిరిందనీ, ఇప్పుడు వాళ్ళకు సముద్రం ఒడ్డున అలల్లో దిగి ఇట్లాంటి ఈకల గాలాలు విసరాలని ఉందనీ చెప్పాడు. విదేశీ సరుకు రావడం లేదు, వచ్చినా మామూలు మనిషి కొనలేడు. "తక్కువ ధరలో, సముద్రానికి తట్టుకునేది ఒక సెట్టు చేసి చూపించు కేశవులూ. కాలువ గొప్ప కాదు. దాన్ని ఒకసారి ఉప్పునీళ్ళల్లో ఆడించి, ఒక వానాకాలం దాటనిచ్చి, నేను మళ్ళీ వచ్చినప్పుడు నా ఎదుట తిప్పాలి. తిరిగిందంటే నువ్వు ఎన్ని చేస్తే అన్నీ నావే" అన్నాడు. ఆ పూట మా నాయన అన్నం సరిగా తినలేదు. మా అమ్మ ఆయన విస్తరి తీస్తూ, ఎవరికీ వినబడకుండా, "ఆళ్ళగడ్డ ఇల్లు ఇంకా ఖాళీగానే ఉండాదా?" అని అడిగింది.

తర్వాత ఆ ఇంట్లో దొడ్డివైపు వేరే సంసారమే నడిచింది. ప్రతి వస్తువు దగ్గరా మా నాయన రెండు కోరికల మధ్య నలిగేవాడు. గట్టిగా ఉండాలి, చవకగా రావాలి. కర్రకు గాజుపీచు, అదే ఫైబర్‌గ్లాస్, దొరికేది కాదు. ఆత్మకూరు అడవి వైపు నుంచి గట్టివెదురు తెప్పించి, చలికాలమంతా నీడలో ఆరబెట్టి, బస్సులకు రంగు వేసేవాళ్ళ వార్నీషు పూతమీద పూత పూశాడు. పిడికి మందుసీసాల బిరడాలు గుచ్చి అరగదీశాడు. తాడు జారే వలయాలకు ఇనుపతీగ వద్దని, పాత్రల అంగడిలో స్టీలు తీగ అడిగి తెచ్చుకున్నాడు. రీలు చట్రానికి ఇత్తడి బరువు, ధర కూడా ఎక్కువ. సత్తు గిన్నెలు పోతపోసే చోట ముక్కలు తెచ్చి లేతు మిషను మీద పట్టించాడు. ఇరుసు దగ్గర మాత్రం చాలా రోజులు తెగలేదు. ఇత్తడి ఇరుసు అరిగిపోతుంది. తుప్పు పట్టని స్టీలు ఇరుసు మద్రాసులోనో బొంబాయిలోనో చేయించాలి, అప్పుడది చవక సరుకు కాదు. చివరకు సైకిలు ఇరుసు వేసి, గ్రీజు దట్టించాడు. "కడిగి నూనె పెట్టుకుంటే దీనికేం కాదు. పని అయినంక కడగాల, అంతే" అని నాకు పాఠం చెప్పినట్టు చెప్పాడు. ఆ మాట నాకు ఇవాళ్టికీ చెవిలో ఉంది.

తాడు మా అమ్మ పని. ఈగగాలానికి గాలం బరువు ఉండదు, తాడు బరువుతోనే ముందుకు పోవాలి. మొదలు లావుగా, కొస సన్నగా ఉంటేనే అది గాలిని చీల్చుకుపోతుంది. నైలాన్ పోగులు తీసుకుని మా అమ్మ నాకు జడ వేసినట్టు అల్లడం మొదలుపెట్టింది. జడ కొసకు వచ్చేసరికి వెంట్రుకలు తగ్గినట్టే ఒక్కో పోగు తప్పిస్తూ పోయింది. దానికి మైనం, అవిసెనూనె పట్టించి దొడ్డిలో ఈ గోడనుంచి ఆ గోడకు కట్టి ఆరబెడితే జేజి వంగి వంగి దాని కిందుగా తులసికోటకు పోయేది. ఈకలు కట్టడం కూడా అమ్మే నేర్చుకుంది. కనకాంబరాలు కట్టే ముడి, వేలిమీద ఆ మెలికే. కొత్తపల్లె నుంచి వచ్చే గిరాకీలు పందెంకోళ్ళ మెడ ఈకలు తెచ్చిచ్చేవాళ్ళు. సముద్రంలో చేపకు మెరుపు కనబడాలని మా నాయన అంటే, ఆమె ఒక మధ్యాహ్నం తన పెళ్ళిచీర తెచ్చి ఒళ్ళో పరుచుకుని, కత్తెరతో సరిగ అంచు కత్తిరించింది. మా నాయన వద్దన్నాడు. "నేనేం ఈ చీర కట్టుకుని పొయ్యి ముందర కూర్చోనులే" అంది నవ్వుతూ. ఆమె అంతగా నవ్వడం నేను అప్పుడే చూశాను. పని ముగిసినాక ప్రతిరోజూ తలకు పోసుకుంటేనే వంటింట్లోకి రానిచ్చేవాళ్ళు. ఆ చలికాలమంతా ఆమె జుట్టు ఆరనే లేదు.

మాఘపున్నమికి జేజి సముద్రస్నానం చేయాలంది. ఇదే అదను అనుకుని మా నాయన కర్ర కూడా కట్టుకున్నాడు. మీటరుగేజీ చిన్న రైలులో గుంటూరు దాకా, అక్కడినుంచి బాపట్ల. దారంతా పులిహోర, చింతపండు వాసన, బొగ్గు నుసి. సముద్రం చూడగానే జేజి చెప్పులు విప్పి, గర్భగుడి ముందర నిలబడినట్టు చేతులు జోడించింది. ఆమె, అమ్మ, నేను మునకలు వేస్తుంటే మా నాయన పంచె ఎగ్గట్టి అల్లంత దూరంలో దిగాడు. కాలువ గాలి వేరు, సముద్రం గాలి వేరు. మొదట తాడు ముందుకు పోకుండా వెనక్కి వచ్చి ఆయన మెడకే చుట్టుకుంది. "చేప సంగతేమో గానీ బలే మొగోణ్ణి పట్టినావురా" అని జేజి కేకేసింది. ఒడ్డున వలలు బాగుచేసుకుంటున్నవాళ్ళు కూడా నవ్వారు. ఆయన గాలికి పక్కగా తిరిగి, చేయి కిందికి దించి, ఓపిగ్గా మళ్ళీ మళ్ళీ విసిరాడు. అప్పుడు ఒకసారి ఆ తాడు, మా అమ్మ అల్లిన ఆ జడ, అల తల మీదుగా చక్కగా సాగి అవతల తెల్లటి నురుగులో పడింది. కర్ర వంగింది. రీలు గిర్రున తిరిగింది. ఆ చప్పుడుకు మా అమ్మ నీళ్ళలోనే నిలబడి, తడిచేతులు గుండెలకు ఆనించుకుంది. వెండి రేకులాంటి చేప. మా నాయన దాన్ని ఒడ్డుకు లాగి, జాగ్రత్తగా గాలం తీసి, రెండు చేతులతో మళ్ళీ నీళ్ళలో వదిలేశాడు. జేజి నోరు తెరుచుకుని చూసింది. "పట్టి ఇడిసిపెట్టేదేనా నువ్వు చేసే పని? ఇన్నాళ్ళూ చెప్పొద్దారా నాకు?" అంది. చెప్పాడు, ఎన్నోసార్లు చెప్పాడు. ఆమె ఎప్పుడూ వినలేదు.

సత్రానికి వచ్చాక మా నాయన రీలు పట్టుకుని కుళాయి దగ్గరికి పోతుంటే జేజి పిలిచింది.

"యాడికిరా?"

"కడగాలమ్మా. ఉప్పునీళ్ళు."

"గంగమ్మలో మునిగినదానికి మైలేందిరా? ఆయమ్మను కుళాయి నీళ్ళతో కడుగుతావా?"

"మైల కాదమ్మా, ఉప్పు..."

"ఉప్పు లేకుండా నువ్వేం తింటాండావ్? ఇట్ల తే."

చేయి చాచింది. ఇన్నేళ్ళుగా ఇంటి గడప దాటనివ్వని జాతి వస్తువు కోసం మా జేజి, మడిబట్టలో ఉండి, చేయి చాచింది. మా నాయన కుళాయి దగ్గరే నిలబడి ఆ చేతిని చూశాడు. ఆయన ముఖం నాకు గుర్తుంది. చిన్నపిల్లవాడి ముఖం. కుళాయి తిప్పలేదు. రీలు తెచ్చి ఆమె చేతిలో పెట్టాడు. ఆమె తెల్లగుడ్డను పసుపునీళ్ళలో ముంచి పిండి, ఆ తడిగుడ్డలో రీలునూ ఒక రూపాయి బిళ్ళనూ పెట్టి, అహోబిలం స్వామిని తలుచుకుని ముడి వేసింది. ముడుపు. "మద్రాసాయన వచ్చినప్పుడే ఇప్పాల. పని అయినంక రూపాయి స్వామికి. అంతదంకా ఎవురూ ఈ ముడి ముట్టుకోగూడదు. నా కొడుకు నా కోడలు బాగుపడాల" అని కళ్ళు మూసుకుంది. వేరుపడే సంగతి ఆమెకు తెలుసని మాకు అప్పుడే తెలిసింది. ఆమె దానికి కోపగించుకోలేదు, మొక్కుకుంది. ఇంక ఎవరు ఏమనగలరు?

ఆ ముడుపు దేవుడి గూట్లో, పటాల పక్కన ఎండాకాలమంతా, వానాకాలమంతా ఉంది. కర్పూరం పొగ దానికే, పూలు దానికే. మా నాయన రోజూ దండం పెట్టుకునే నెపంతో దాన్ని చూసేవాడు. వానలు బాగా పడుతున్న రోజుల్లో ఒకనాడు జేజి గుడికి పోయినప్పుడు మా అమ్మ తలుపు దగ్గరగా వేసి, "ఇప్పి, కడిగి, మళ్ళా కట్టేద్దాం. అత్తకు తెలియదు" అంది. ఆయన ముడుపు చేతిలోకి తీసుకున్నాడు. గోరు ముడి మీద పెట్టాడు. దేవుళ్ళ గురించి మా నాయన పెద్దగా పట్టించుకునే మనిషి కాదు. ఏకాదశి నాడు అంగట్లో దొంగతనంగా మిరపకాయ బజ్జీలు తినేవాడు. కానీ ఆ పూట ఆయన ముడి మీద నుంచి గోరు తీసేశాడు. "ఇప్పితే పని కాదేమో" అన్నాడు. మా అమ్మ పోయి తలుపు తీసేసింది. ఆమెకూ అదే భయం పట్టుకుంది. పెద్దగా ఏమీ కోరుకోనన్నాళ్ళూ ఏ నమ్మకమూ అక్కర్లేకపోయింది. కోరుకోవడం మొదలుపెట్టాక ఏ ఒక్కదాన్నీ కాదనే ధైర్యం ఇద్దరికీ లేకపోయింది. ముడుపు మళ్ళీ గూట్లోకి పోయింది.

మద్రాసు వ్యాపారి వచ్చినరోజు ఇంటినుంచి కాఫీ తీసుకుపోయింది నేనే. అంగడిలో పెదనాయన గద్దె మీద ఉన్నాడు. మా నాయన ఉతికిన చొక్కా వేసుకుని, కర్రను గోడకు ఆనించి, ముడుపు బల్ల మీద పెట్టి విప్పాడు. గుడ్డ ఊడి రాలేదు. లోపలి తుప్పుతో అట్ట కట్టుకుపోయి ఉంది. చించి తీయవలసి వచ్చింది. సత్తు చట్రం నిండా తెల్లటి బుడిపెలు, సున్నం పొంగినట్టు. ఇరుసు ఉబ్బి చట్రాన్నే పట్టేసుకుంది. మా నాయన పిడి పట్టుకుని తిప్పాడు. తిరగలేదు. గట్టిగా తిప్పాడు. పిడి విరిగి చేతిలోకి వచ్చింది. రూపాయి బిళ్ళ దొర్లి బల్ల అంచున పడుకుంది.

"కడిగి నూనె పెట్టలేదా?" అని వ్యాపారి మెల్లగా అడిగాడు.

మా నాయన ఒకసారి నా వైపు చూశాడు. "లేదు. మరిచిపోయినా" అన్నాడు.

"వెదురు బాగుంది. తాడు చాలా బాగుంది. కానీ తిరగనిదాన్ని నేను ఎవరికి చూపించేది? వచ్చే ఏడు చూస్తాములే" అని ఆయన కాఫీ తాగి లోటా నాకిచ్చాడు. మర్యాదస్తుడే. ఆయన్ను తప్పు పట్టడానికి ఏమీ లేదు. పెదనాయన లోపలినుంచి, "కేశవా, అయిపోతే బిన్నా రారా, మేకులు తూకం వెయ్యాల, గిరాకీ నిలబడి ఉండాడు" అని పిలిచాడు. మా నాయన రూపాయి తీసి జేబులో వేసుకుని, పోయి మేకులు తూచాడు.

ఆ సాయంత్రం బావి దగ్గర ఆయన అమ్మకు చెప్పాడు. ఆమె బొక్కెనను బావిలోకి వదిలింది. "అత్తకు చెప్పినావా?" అంది. లేదన్నాడు. "చెప్పొద్దు. ముసలి పానానికి ఆ మాట మోసే శక్తి లేదు" అని నీళ్ళు తోడుకుని వంటింట్లోకి పోయింది. జేజి అడిగితే ఆయన, "బాగుందన్నాడమ్మా, చూద్దామన్నాడు" అన్నాడు. ఆమె సంతోషపడింది. ఇంకొకటి చేయవచ్చు కదా అని మీరు అనవచ్చు. నేనూ అనుకునేదాన్ని. కానీ చేయాలంటే మనిషిలో ఏదో ఒకటి మిగిలి ఉండాలి. మా అమ్మ దగ్గర కత్తిరించడానికి ఇంకో పెళ్ళిచీర లేదు, మా నాయన చేతుల్లో ఆ ఉత్సాహం లేదు. ఆయన దొర పాత రీలును కూడా తీయడం మానేశాడు. మద్రాసు ఆయన మరుసటి ఏడు వచ్చినా ఆ ఊసు ఎత్తలేదు, ఆ తర్వాత రావడమే మానుకున్నాడు. బయటిదేశాల ప్లాస్టిక్ రీళ్ళు దొడ్డిదారిన దిగుతున్నాయని ఎవరో అన్నారు. ఆళ్ళగడ్డలో ఆ ఇంట్లోకి ఎవరో వచ్చి చేరారు. రుద్రవరం పోయేటప్పుడు బస్సు ఆ వీధి ముందు నుంచి పోతుంటే మా అమ్మ రెండోవైపు కిటికీలోంచి చూసేది.

ఇప్పుడు నా వంటింట్లో ఒక మీట తిప్పితే మంట వస్తుంది. నా డబ్బాల తాళాలు నా దగ్గర కూడా ఉండవు, అసలు తాళాలే లేవు. ఉప్పునీళ్ళకు తట్టుకునే రీలు కావాలంటే, పిల్లలు ఫోనులో వేలు పెట్టి చవకదేదో ఖరీదైనదేదో పక్కపక్కన పెట్టి చూసి, మరునాటికి ఇంటికి తెప్పించుకుంటున్నారు. అది పాడయితే ఇంకొకటి. ఒక ఇరుసు కోసం మనిషి అన్నం మానుకున్న రోజులు చెబితే వాళ్ళు నవ్వుతారు, నవ్వనీ. ఆ రోజు కుళాయి తిప్పి ఉంటే ఏమయ్యేది అని చాలా ఏళ్ళు ఆలోచించాను. రీలు తిరిగి ఉండేది. ఒకటి రెండేళ్ళు సరుకు పోయి ఉండేది. తర్వాత ఆ ప్లాస్టిక్ రీళ్ళు ఎట్లాగూ వచ్చి ఉండేవి, అమ్మా నాయనా ఎట్లాగూ నంద్యాలకు తిరిగి వచ్చి ఉండేవాళ్ళు. ఈ లెక్కతో నన్ను నేను ఓదార్చుకోవాలని చూస్తాను గానీ ఓదార్పు రాదు. ఆ ఒకటి రెండేళ్ళయినా మా అమ్మ తన పొయ్యి ముందర కూర్చుని ఉండేది కదా.

జేజి పోయేముందు మంచం పట్టింది. నేను అప్పటికి పెళ్ళయి, పురిటికి వచ్చి ఉన్నాను. ఒక పొద్దున అమ్మ ఆమెకు గంజి తాగిస్తోంది, నాయన కాళ్ళ దగ్గర కూర్చుని పాదాలు ఒత్తుతున్నాడు. మొక్కు బాకీ ఉంచుకుని పోకూడదన్న దిగులు పట్టుకుంది ఆమెకు. "ఆ ముడుపు రూపాయి స్వామికి ముట్టించినావారా?" అని అడిగింది. ముట్టించలేదు. పని కాలేదు కనక ముట్టించలేదు. ఆమె నెమ్మదిగా పోవాలని మా నాయన, "ముట్టించినామమ్మా, ఎప్పుడో" అన్నాడు.

జేజి తల కొద్దిగా పైకెత్తింది. ఆమె బుర్ర చివరిదాకా పాదరసమే.

"అట్లయితే పని అయినట్టే గదరా. మరి మీరింకా ఈ ఇంట్లోనే ఉండారేంది?"

నాయన చేతులు ఆగిపోయాయి. గంజి చెంచా పట్టుకున్న అమ్మే జవాబు చెప్పింది.

"ఆళ్ళగడ్డ ఇల్లు నాకు నచ్చలేదత్తా. ఆ కిటికీ కింద పొయ్యి పెడితే ఇల్లంతా పొగ. నేనే వద్దన్నా."

జేజి ఎండిన చేత్తో అమ్మ చెంప మీద చిన్నగా తట్టింది.

"పిచ్చిదానా. సొంత పొయ్యికి పొగ ఒక లెక్కనామ్మే? దానికోసరమని పోకుండా ఉంటివా?"

అమ్మ తల వంచుకుని ఆమె మూతి తుడిచింది.